తెల్లమద్దిపై పడని పిడుగు

సారంగకోన అడవిలో కణుజు దుప్పులు, కొండముచ్చులు, ఏదుపందులు, ఎలుగుబంట్లు ఉండేవి. అక్కడ ఏటి ఒడ్డున ఉన్న పెద్ద తెల్లమద్ది చెట్టు పిడుగుపాటుకు మోడైందని పొరుగు కోనల్లో నేటికీ చెబుతారు. కానీ పిడుగు కాండాన్ని నిలువునా చీలుస్తుంది. ఆ మోడుకు చీలిక లేదు. నడుము చుట్టూ గోళ్ళ గాట్లు ఉన్నాయి.

ఆ అడవికి వైద్యుడు గుబురయ్య అనే ఎలుగుబంటి. తెల్లమద్ది బెరడు నానిన నీళ్ళు గుండెకూ రక్తనాళాలకూ బలమని అక్కడి జంతువుల నమ్మకం. బెరడు ఒక వైపే, అరచేతి వెడల్పున తీయాలి. ఆ గాయం మానాకే మరో వైపు తాకాలి. అది తాతల నాటి కట్టుబాటు.

పొరుగు కోనల నుంచీ రోగులు రాసాగారు. గుబురయ్యకు గర్వం తలకెక్కింది. ఒక కార్తికంలో చెట్టు చుట్టూ బెరడంతా ఒలిచేశాడు.

"అయ్యో నాయనా! ఆకులు వండిన అన్నం బెరడులోంచే కదా వేళ్ళకు దిగేది! చెట్టు రక్తనాళాలు తెంచేశావే!" అంది ముసలి ఏదుపంది ముళ్ళవ్వ.

"దుంపలు తవ్వుకునేదానివి, నాకు వైద్యం నేర్పుతావా? పోయి నీ ముళ్ళు దువ్వుకో!"

మరుసటి వానాకాలానికి గుహలో దాచిన బెరడు బూజు పట్టింది. చెట్టు ఎండిపోయింది. అప్పుడే కణుజు గౌరమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

"గట్టు ఎక్కితే గుండె దడదడలాడుతోంది బాబూ. కాస్త మందియ్యి."

"చెట్టు మీద పిడుగు పడింది పెద్దమ్మా," అన్నాడు గుబురయ్య.

"పిడుగును నువ్వు ఆపగలవా? బాధపడకు నాయనా," అని ఆమే అతణ్ణి ఓదార్చింది. నాలుగడుగులకోసారి ఆగుతూ వట్టి చేతులతో గట్టెక్కింది. ఆమె అలా వెళ్ళడం చూస్తుంటే గుబురయ్యకు తన గోళ్ళను తానే చూసుకోబుద్ధి కాలేదు.

ముళ్ళవ్వ వాగు మలుపులో ఒక పడుచు మద్దిని కనిపెట్టుకుని ఉంది. పాత చెట్టుకు జరిగింది ఎవరికీ చెప్పకుండానే, దాని నుంచి అరచేతి వెడల్పు బెరడు తీసి గౌరమ్మకు ఇచ్చింది. అడవి అంతా ఇక ముళ్ళవ్వ గడపే తొక్కింది. గుబురయ్యను ఎవరైనా ఎగతాళి చేస్తే మాత్రం గౌరమ్మ ఊరుకునేది కాదు. "పాపం, పిడుగు పడితే అతడేం చేస్తాడు?" అని అందరికీ చెప్పేది. ఆ అబద్ధం అలా ఆమె మంచి నోటి మీదుగానే నాలుగు కోనలూ పాకింది. విన్న ప్రతిసారీ గుబురయ్య సిగ్గుతో ముడుచుకుపోయేవాడు.

చివరికి ప్రమోదూత నామ సంవత్సరం, ఆశ్వయుజ శుద్ధ నవమి నాడు, అందరూ వింటుండగా నేలకేసి చూస్తూ చెప్పాడు: "పిడుగు కాదు పెద్దమ్మా, నేనే."

నీతి: తప్పును దాచినవాడికి శిక్షకన్నా, అతణ్ణి నమ్మినవారి జాలే భారం.