నాలుగో తూటా

దస్తగిరి ఉస్తాద్‌ను ఏది అడిగినా అవుననడు, కాదనడు. "సరే, నీ వెనక నిలబడతాలే" అంటాడు. అదే ఆయన జవాబు. పోలీసు శాఖలో ముప్పై ఏళ్లు తుపాకి పట్టడం నేర్పి రిటైరైన మనిషి. పోటీలు దగ్గర పడ్డాయంటే ఇప్పటికీ పెద్ద ఆఫీసర్లే కబురు పెట్టి పిలిపించుకుంటారు. ఆయన వచ్చి వెనక నిలబడ్డాడని తెలిస్తే చాలు, ఎంతటి కానిస్టేబులుకైనా చెమటలు పడతాయి.

ఆయన దగ్గర నేర్చుకుంటున్న కానిస్టేబుల్ రంగేశ్వరి అడిగిన ప్రశ్న మాత్రం చిన్నదే. "ఉస్తాద్, రివాల్వర్ కాల్చేటప్పుడు గ్లౌజులు తొడుక్కోవాలా, వద్దా?"

అడగడానికి కారణముంది. రివాల్వర్ పేలిన ప్రతిసారీ వెనక్కి తంతుంది. నెల రోజులుగా రోజుకు వంద తన్నులు తిని, పాపం, ఆమె కుడి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ తోలు లేచిపోయింది. అన్నం కలుపుకుంటే పులుసు తగిలి ప్రాణం పోయేది. మర్నాడేమో రాష్ట్ర పోటీలకు జట్టును ఎంపిక చేస్తారు. ఆడవాళ్లలో ఒక్కరికే చోటు. ఆ చోటు ఒక ఏడాది రెండు పాయింట్ల తేడాతో, మరో ఏడాది ఒక్క పాయింటు తేడాతో చేజారింది. ఈసారీ తప్పితే ప్రాక్టీసు కట్టిపెట్టి స్టేషన్ డ్యూటీకి పొమ్మని ఇన్‌స్పెక్టర్ ముందే చెప్పేశాడు. అందుకే ఆమె అరచేతిలో మెత్త కుట్టిన తోలు గ్లౌజులు తెప్పించుకుంది. అవి వచ్చిన రోజు నుంచీ బ్యారక్‌లో ఒకటే గోల. తొడుక్కోమని కొందరు, తొడుక్కుంటే గురి గోవిందా అని కొందరు.

"వాళ్ల మాటలు నాకొద్దు, మీరు చెప్పండి" అంది రంగేశ్వరి.

"రేపు నీ వెనక నిలబడతాలేమ్మా" అన్నాడు ఉస్తాద్.

ఇదేం జవాబండీ! ఆమెకు ఒళ్లు మండింది. ఈయనను అడిగేకన్నా గోడను అడగడం నయమనుకుంది. మర్నాడు పొద్దున గ్లౌజులు తొడుక్కునే వచ్చింది.

కొండ కింద పెద్ద మట్టికట్ట, దాని ముందు వరసగా టార్గెట్లు. మోత వినపడకుండా చెవులకు డిప్పలు తగిలించుకుంది, ఎడమ కన్ను మూసుకుంది, కాల్చింది. అబ్బ! నొప్పన్నదే లేదు! విడతకు ఆరు తూటాల చొప్పున ఐదు విడతలు కాల్చాలి. మొదటి ఆరూ నల్లటి వలయంలోనే పడ్డాయి. రెండో విడత ఇంకా దగ్గర దగ్గరగా పడింది. మూడోది చూసి ఇది నా చెయ్యేనా అనుకుంది. నాలుగోది అయ్యేసరికి ఇన్‌స్పెక్టర్ తానే వచ్చి, ఆమె చెవి డిప్ప ఎత్తి మరీ చెప్పాడు. "అందరికన్నా ముందున్నావ్. ఈ ఆరూ పాడు చేసుకోకు." రంగేశ్వరి గుండె గంతులేసింది. చోటు దక్కినట్టే!

చివరి విడత. ఆరు తూటాలకు ఇరవై సెకన్లు. విజిల్ పడింది. అటూ ఇటూ తొమ్మిదిమంది ఒక్కసారిగా కాలుస్తుంటే కాళ్ల కింద నేల అదురుతోంది. ఒకటి. రెండు. మూడు. నాలుగోదానికి ట్రిగ్గర్ మీద వేలు సగం బిగిసింది కూడా.

వెనక నుంచి ఓ చెయ్యి వచ్చి ఆమె మణికట్టును ఉడుంపట్టు పట్టింది.

"ఆపు! వేలు తియ్!"

"ఉస్తాద్! టైం పోతోంది, వదలండి!" రంగేశ్వరి గొంతు చించుకుంది. కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండేళ్లుగా చేజారుతున్నది మూడోసారి కూడా, అదీ ఉస్తాద్ చేతుల మీదుగా పోతోందే అని ఆమె బాధ.

ఆయన వదల్లేదు. రివాల్వర్‌ను కట్టవైపే ఉంచి చేతిలోకి తీసుకున్నాడు. తూటాల చక్రం తెరిచి అందులో ఉన్నవన్నీ నేల మీదికి దులిపేశాడు. తరవాత గొట్టం తుడిచే సన్నటి కడ్డీ అందుకుని ముందు నుంచి లోపలికి దించాడు. కడ్డీ సగం దాకా పోయి టక్కున ఆగింది. తీసి మళ్లీ దించాడు. మళ్లీ అక్కడే ఆగింది.

మూడో తూటాలో మందు సరిగా అంటుకోలేదు. బుల్లెట్ బయటికి పోకుండా గొట్టంలోనే ఇరుక్కుపోయింది. దాని వెనక నాలుగోది పేలి ఉంటే రివాల్వర్ ఆమె చేతిలోనే బద్దలయ్యేది. రంగేశ్వరి గ్లౌజులో వేళ్లు కదిపి చూసుకుంది. ఐదూ కదిలాయి. అప్పుడు ఉన్నచోటే కూలబడింది.

"మీకెట్లా తెలిసింది ఉస్తాద్?"

"పేలిన ప్రతిసారీ నీ చెయ్యి పైకి లేస్తా ఉంది. మూడోసారి లేవలేదు." అన్నాడు ఉస్తాద్. "నీ చేతిలో జరిగిన సంగతి తల్లీ, నేను చూసి చెప్పాల్సొచ్చింది."

తప్పు తూటాది కాబట్టి ఆ విడత మళ్లీ కాల్చమని వేరే రివాల్వర్ ఇచ్చారు. రంగేశ్వరి లేచింది. గ్లౌజులు రెండూ లాగి పక్కన పడేసింది. మొదటి దెబ్బకే పుండు రేగి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయితేనేం, తన్నిన తన్ను మోచేతి దాకా తెలిసింది! రెండోదీ తెలిసింది, మూడోదీ తెలిసింది. ఆ మూడో తన్ను తగిలినప్పుడు ఆమె పళ్లు బిగించుకుని నవ్వింది కూడా. ఒక బుల్లెట్ వలయం దాటి పోయింది గానీ మిగతా ఐదూ ఆమెను నిలబెట్టాయి. ఇన్‌స్పెక్టర్ ఆమె పేరు చదవగానే బ్యారక్ బ్యారకంతా ఈలలు, కేకలు!

సందడి తగ్గాక ఆమె పరుగున ఉస్తాద్ దగ్గరికి వచ్చింది. "తెలిసింది ఉస్తాద్! గ్లౌజులు తొడుక్కోకూడదు, అంతే కదా?" అంటూ ఆ జతను చెత్తబుట్టలో వెయ్యబోయింది.

ఆయన ఆపాడు. గ్లౌజులు తీసుకుని, దుమ్ము దులిపి, మడిచి మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాడు.

"నేనట్లా ఎప్పుడన్నానమ్మా? చెవులు మూసుకున్నావు. ఒక కన్నూ మూసుకున్నావు. ఇంకా ఏమేం మూసుకుంటావో, నీ ఇష్టం."