దోపుకున్న కొంగు

గోదావరి లంకలో పాక వేసుకుని ఉండే వీరభద్రయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా లేచి, ఏదో పనున్నట్టు ఎటో బయలుదేరేవారు. జవాబు కావలసినవాళ్లు వెంట నడవాలి. సగంలో వెనక్కి మళ్లినవాళ్లను ఆయన పిలిచేవారు కాదు. వాళ్లకు ప్రశ్న కన్నా మోకాళ్లే ముఖ్యమని శిష్యులలో మేం కొందరం నవ్వుకునేవాళ్లం.

పుష్యమాసంలో ఒక పొద్దున, మంచు ఇంకా విడకముందే, శిష్యురాలు మాణిక్యాంబ కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల పేరు నీలవేణి. మాటలు తక్కువ, కూనిరాగం ఎక్కువ. కొన్ని చప్పుళ్లు అసలు పడవు. ఆటిజం అని డాక్టర్లు చెప్పి చాలా కాలమైంది. ఇన్నాళ్లకు పట్నంలో ఒక బడివాళ్లు చేర్చుకుంటామన్నారు. అయితే పిల్ల పక్కన ఒక మనిషి ఉండాలో, అక్కర్లేదో మర్నాటికల్లా తేల్చి చెప్పమన్నారు.

"నేను పక్కన కూర్చుంటానంటే, నువ్వే దాన్ని ఎదగనివ్వట్లేదంటారండి మా ఆయన. మొన్న పెళ్లిలో అందరి మధ్యా కూర్చుని అన్నం తింది కదా, ఇంకెవరూ అక్కర్లేదంటారు. వదిలేస్తే ఏమైపోతుందోనని నాకు భయమండి. ఎంతవరకు పట్టుకోవాలి గురువుగారూ, ఎక్కడ వదలాలి?" అంది మాణిక్యాంబ.

గురువుగారు లేచారు. "పాయ అవతలి ఇసకతిన్నె మీద రేగుపళ్లు రాలి ఉంటాయి. పదండి."

దాటాల్సిన ఆ గోదావరి పాయలో నీళ్లు మాకు పిక్కల దాకా, పిల్లకు మోకాళ్ల దాకా ఉన్నాయి. మంచులో రెండు ఒడ్లూ మాయమైపోయాయి. నీరెక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడంలేదు. నిద్రలో నడుస్తున్నట్టుంది నాకు. మాణిక్యాంబ కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంటే పిల్ల గుంజుకుంది.

"చెయ్యి వదులు తల్లీ," అన్నారు గురువుగారు. "నీ కొంగు ఉందిగా. కావాలంటే అదే పట్టుకుంటుంది."

ఆయన ఎగువ పక్కన, ప్రవాహానికి అడ్డంగా నడిచారు. నీలవేణి కొంగు అంచు రెండు వేళ్లతో పట్టుకుని నడిచింది. సగం దూరం వెళ్లేసరికి ఎండపొడ నీళ్లలోకి దిగింది. అడుగున ఇసక మీద వెలుగు వలలా కదులుతోంది. పిల్ల దాన్నే చూస్తూ కూనిరాగం తీస్తూ కొంగు వదిలేసి ముందుకు సాగింది. ఆ రాగం మంచులోంచే వస్తున్నట్టు వినిపించింది. అంత అందమైన నడక నేను చూడలేదు. మాణిక్యాంబకు కళ్లనీళ్లు ఆగలేదు. తడిసి బరువెక్కిన కొంగును చుట్టి, నీళ్లలోకి దిగిన ఏ ఆడమనిషైనా చేసేటట్టే, నడుముకు దోపుకుంది.

కొంచెం ముందు, పక్కనుంచి ఒక చిన్న కాలవ వచ్చి కలిసేచోట నీళ్ల చప్పుడు మారింది. లోతు పెరగలేదు. మా లెక్కన అక్కడ భయపడాల్సిందేమీ లేదు. నీలవేణి వెనక్కి చూడకుండానే చెయ్యి చాపింది. వేళ్లు గాలిలో వెతికాయి. కొంగు దొరకలేదు. చెవులు మూసుకుని నీళ్లలో చతికిలబడి కేకలు పెట్టింది. తల్లి ఎత్తుకోబోతే ఇంకా పెద్దగా అరిచింది.

గురువుగారు ఎగువన వచ్చి నిలబడితే నీళ్లు ఆయన కాళ్ల దగ్గర చీలి పిల్లకు రెండు పక్కలా పోయాయి. కాసేపటికి మాణిక్యాంబకే తోచింది. దోపుకున్న కొంగు లాగి నీళ్ల మీదికి వదిలింది. అది మెల్లగా తేలుతూ వెళ్లి పిల్ల మోకాలికి తగిలింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. చాలాసేపటికి రెండు వేళ్లు వచ్చి ఆ అంచు అందుకున్నాయి. పిల్ల లేచి నిలబడింది.

ఒడ్డెక్కగానే మళ్లీ వదిలేసి రేగుచెట్టు కిందికి పరుగెత్తింది.

"చూశారుగా గురువుగారూ, సగం దూరం తనే నడిచింది," అంది మాణిక్యాంబ, కొంగు పిండుకుంటూ. ఆ మాటలో ఎంత ఆశ ఉందో అంత దిగులూ ఉంది. "రేపు బళ్లో ఏం చెప్పమంటారండి? మనిషి కావాలనా, వద్దనా?"

మాట్లాడుతూనే, పిండిన కొంగును అలవాటుగా నడుము దగ్గరికి తీసుకెళ్లింది. గురువుగారు ఆ చేతివంక చూశారు.

"దోపుకోకమ్మా," అన్నారు. "మళ్లీ ఈ నీళ్లలోంచే వెళ్లాలిగా."