నల్లబండ మీద అడుగులు

ఈ కథ నాకు మొదట చెప్పింది మేకలు కాసే గడ్డం లచ్చయ్య. ఆయన చెప్పినట్టే చెబుతాను. నా సొంతం ఒక్క ముక్క కలపను. కలిపేవాళ్ళంటే నాకు గిట్టదు.

ఎర్రగుట్ట కింది అడవికి ఎలుగుబంటి దొర. దొరకు తేనె ఉంటే చాలు, మిగతా పెత్తనమంతా నక్క మంత్రిదే. ఊరొదిలి వచ్చిన కుక్కలు దొర కొలువులో కావలి కాసేవి. ఒక ఎండాకాలం వాగంతా ఎండి ఒక్క మడుగు మిగిలింది. అందులో లోతున్న వైపంతా దొరగారి స్నానానికని చెప్పి నక్క ముళ్ళకంప నాటించింది. బర్రెలకు దిగువన బురదగుంట మిగిలింది. మునగడానికి నీళ్ళు లేకపోతే ఆ ఎండకు బర్రె బతకదు.

బర్రెలన్నీ పోయి మడుగు దారికి అడ్డంగా పడుకున్నాయి. కంప తీసేదాకా లేవమన్నాయి.

నక్క కుక్కల్ని పిలిచింది. "దారి తీయించండి. ఉత్తగా మొరిగి రావడం కాదు, పన్ను ఆనాలి" అంది.

కుక్కలు పిక్కలు పట్టాయి. బర్రెలు చెదిరిపోయాయి. మందను నడిపే పెద్దబర్రెకు అన్న ఒకడున్నాడు, ముసలి దున్న. పరిగెత్తలేక దొరికిపోయాడు. వాణ్ణి తరుముకుపోయి కంపదొడ్డిలో వేశాయి.

అడవంతా ఇదే మాటైంది. దొర చెవిన పడింది.

"ఏమయ్యా నక్కా, కుక్కలు చేసింది న్యాయమేనా?"

"నా మాటెందుకు దొరా, అడవినే అడుగుదాం" అంది నక్క. వెంటనే కాకి చేత చాటింపు వేయించింది. "కుక్కలు చేసింది న్యాయం అనేవాళ్ళు మడుగు ఒడ్డున తడిమట్టిలో అడుగు వేయండి. అన్యాయం అనేవాళ్ళు పక్కనున్న నల్లబండ మీద అడుగు వేయండి. రేపు పొద్దెక్కాక దొరగారు చూస్తారు. న్యాయమని తేలితే దున్న వానలు పడేదాకా దొడ్డిలోనే."

వానలు పడేదాకా నీడా నీళ్ళూ లేని దొడ్డిలో ముసలి ప్రాణం నిలవదు. పెద్దబర్రె కుంటుకుంటూ మేక దగ్గరికి పోయింది.

"చెల్లె, నువ్వెక్కడ వేస్తావు అడుగు?"

"దాపరికం ఎందుకక్కా, తడిమట్టిలోనే. మీరు దారికి అడ్డం పడుకుంటే నా పిల్లలు దప్పికతో అరిచాయి."

"అరిచాయి. ఆ తప్పు మాదే. అందుకు మొరగొచ్చు, కసరొచ్చు. పిక్క పీకాలా?"

"అంత ఒళ్ళుంది నీకు. కాస్త కండ పోతే ఏమైంది?"

"మరి నీ పిక్కలో ఎంత కండ ఉంది?"

మేక తన కాలు చూసుకుంది.

"పోయినేడు తుమ్మకాయల కోసం మీ మేకలన్నీ గుట్టదారికి అడ్డం నిలబడలేదూ? ఆ రోజు నక్కకు ఈ బుద్ధి పుట్టలేదు గనక సరిపోయింది. ఇది మేక, ఇది బర్రె అని కుక్క పంటికి ఎరుకుంటుందా?"

మేక నెమరు ఆపింది. "బండ మీదే వేస్తానులే. కానీ అక్కా, బండ మీద అడుగు పడితే కనబడుతుందా?"

"కనబడదు. నక్క ఎత్తే అది. అవునన్నవాడి అడుగు నిలుస్తుంది, కాదన్నవాడు అసలు రానట్టే."

పక్కన గడ్డి కొరుకుతున్న జింక తలెత్తింది. "నేను మాత్రం తడిమట్టిలోనే వేస్తా వదినా. మొహం మీదే చెబుతున్నా. దారి ఆపినవాళ్ళను తరమాల్సిందే."

"వెయ్యి వదినా. నీ మాట నీది. నీ అడుగు కనబడ్డట్టే మా అడుగూ కనబడాలి, నేను అడిగేది అంతే."

తెల్లారింది. బర్రెలన్నీ బురదగుంటలో దొర్లి దొర్లి, కొమ్ముల దాకా బురద పట్టించుకుని, వచ్చి నల్లబండ మీద పడుకున్నాయి.

నక్క చూసి పళ్ళికిలించింది. "ఏం బర్రెమ్మా, మళ్ళీ ధర్నానా?"

"లేదు మంత్రిగారూ, మీరు అడిగినదానికి జవాబు చెబుతున్నాం. పెద్ద ఒళ్ళు కదా, బండంతా పట్టింది."

"చెప్పండి, చెప్పండి. బండకు బాగా వినబడుతుంది" అని నవ్వుకుంటూ నక్క దొరను పిలవడానికి పోయింది.

బర్రెలు లేచాయి. బండ మీద బురద మందంగా పరుచుకుని ఉంది. మేక తన పిల్లలతో వచ్చి దాని మీద నడిచింది. అడవిపంది వచ్చింది, కుందేలు వచ్చింది, ముళ్ళపంది వచ్చింది. ఆ తర్వాత ఇంకెవరో కూడా వచ్చి పోయారు.

దొర వచ్చాడు. నక్క ఒడ్డు చూపించింది. "చూడండి దొరా, న్యాయమన్నవాళ్ళు. ఇవి జింకలవి, ఇవి నెమళ్ళవి. కాదన్న అడుగు ఒక్కటి లేదు."

"మరి బండ మీద అవేమిటి?"

నక్క అప్పుడు చూసింది. "బురద దొరా. బర్రె ఎక్కడ కూర్చున్నా బురదే కదా."

"బురద బర్రెదే. అందులో గిట్టలు మేకవి కావూ? ఇదిగో పంది. ఇదిగో కుందేలు." దొర ముక్కు ఆనించి వాసన చూశాడు. "గోళ్ళున్న ఈ అడుగులు ఎవరివి?"

కుక్కల పెద్ద ముందుకొచ్చాడు. "మావే దొరా."

నక్క పళ్ళు కొరికింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మీకెందుకురా ఈ పని?"

"అడుసులోకి తోసింది తమరే కదా మంత్రిగారూ. దొరా, గట్టిగా మొరిగితే బర్రెలు లేచేవి. లేవకపోతే పక్కన ఇంకో దారి చేసేవాళ్ళం. పన్ను ఆనాలన్నది మంత్రి, ఆనించింది మేము. ఇప్పుడు మా పిల్లలు ఎదురొస్తే కుందేలు కూడా దారి మార్చుకుంటోంది. మంత్రి ఎదురొస్తే మాత్రం దండం పెడుతోంది."

"కరిచిన నోరు నీదే కదరా" అన్నాడు దొర.

"నాదే దొరా. కాదనను. అందుకే కాలు బండ మీద పెట్టాను."

దొర చాలాసేపు వీపు గోక్కున్నాడు. "కంప పీకేయండి. పొద్దున స్నానం నాది, మధ్యాహ్నం బర్రెలది. దున్నను వదలండి. ఇకమీదట దారి తీయించడానికి కుక్కలు పోతే, వాటికి ముందు మంత్రి నడవాలి. చెప్పాల్సింది ఎదురుగా నిలబడి తన నోటితోనే చెప్పాలి."

"నేనా దొరా? బర్రెలకు కొమ్ములుంటాయి."

"ఉంటాయి" అన్నాడు దొర.

వానలు పడ్డాక మేకలు ఏదో తగవు మీద గుట్టదారికి అడ్డం నిలిచాయి. నక్క తోక ముడుచుకుని ముందు నడిచింది. "అమ్మా, తల్లీ, కాస్త పక్కకు జరగండి. మీ తగవు దొరతో నేను చెబుతాను" అంది. వెనక కుక్కలు మొరిగాయి. మేకలు సగం దారి ఇచ్చి, మిగతా సగంలో నిలబడే అరిచాయి. జింక ఆ సగంలోంచే హాయిగా దాటిపోయింది. ముసలి దున్న మడుగు లోతులో ముక్కు ఒక్కటే బయటపెట్టి పడుకున్నాడు. చెల్లెలు పిలిచినా లేవలేదు.

పక్కవాడి కాలి మీది పంటిగాటును మెచ్చుకునే ముందు నీ కాలు ఒకసారి తడుముకో.

కథ ఇదీ. మా బడి గోడ మీద ఈ కథనే బొమ్మలుగా వేయించారు. బండ మీద బర్రె, మేక, పంది, కుందేలు అందరి అడుగులూ ఉన్నాయి, కుక్కలవి లేవు. చెప్పబోతే హెడ్‌మాస్టరు నవ్వి, "కుక్కలెందుకు వేస్తాయి తాతా?" అన్నాడు. ఆయనతో నేను మళ్ళీ మాట్లాడలేదు, మాట్లాడను కూడా. కుంచె పట్టడం వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, ఈసారి సున్నం వేసేటప్పుడు ఆ బండ మీద కుక్కల అడుగులు కూడా వేసి తప్పు దిద్దండి.