పేరంటాలమ్మ గంగాళం

అనగనగా ఒక ఊళ్ళో, ఏటి గట్టున, పేరంటాలమ్మ అని ఒకావిడ ఉండేది. చుట్టుపక్కల ఎవరింట పెళ్ళయినా లడ్డూలు చుట్టడానికి ఆవిడనే పిలిచేవాళ్ళు. అందుకని ఆవిడ ఇంట్లో గిన్నెలన్నీ పెళ్ళి గిన్నెలే. డబ్బా అంటే నీ మోకాలెత్తు. గుండిగ అంటే నీ నడుమెత్తు. ఇక గంగాళం అంటావా, అందులో దిగి నువ్వు బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు. చిన్న గిన్నె అనేది ఆ ఇంట్లో లేనే లేదు.

ఆవిడకి ఒక చెల్లెలు, బుల్లెమ్మ. బుల్లెమ్మని ఏటి మధ్య లంకలో ఇచ్చారు. లంక అంటే చుట్టూ నీళ్ళు, మధ్యన ఇసుక, ఆ ఇసుక మీద పాతిక ఇళ్ళు. పడవెక్కితే తప్ప వెళ్ళలేం. బుల్లెమ్మకి ఓ చెక్క చేను, నాలుగు కోడిపెట్టలు, మొగుడు, అత్త, ఇద్దరు పిల్లలు. ఉన్నంతలో గుట్టుగా బతికే ఇల్లు.

అక్కకి చెల్లెలంటే ప్రాణం. ప్రేమ పెద్దదయితే గిన్నె కూడా పెద్దదే పట్టుకెళ్ళాలి కదా అనుకుంది.

మొదటిసారి డబ్బా నిండా సున్నుండలు పోసుకుని, కబురు పెట్టకుండా పడవెక్కింది. చెప్పకుండా వెళ్ళి నిలబడితే చెల్లెలు తెల్లబోవాలని ఆవిడ సరదా. బల్ల మీద తన పక్కన డబ్బాని కూర్చోబెట్టింది. పెరుగమ్మే ఆవిడకి చోటు లేక ఈ రేవు నుంచి ఆ రేవు దాకా నిలబడే వచ్చింది. పేరంటాలమ్మ పట్టించుకోలేదు. చెల్లెలి మొహం ఎలా వెలుగుతుందో, అదే ధ్యాస.

వెలిగింది, అబద్ధం ఎందుకు. వీధంతా తిన్నారు. కానీ వెళ్ళేటప్పుడు డబ్బా తిరిగివ్వాలిగా. మన ఇళ్ళల్లో ఒకరి గిన్నె వాళ్ళకి ఉత్తగా ఇవ్వం. గుప్పెడు బియ్యమో, బెల్లం ముక్కో వేసిస్తాం. చిన్న గిన్నెకి గుప్పెడు చాలు. మరి మోకాలెత్తు డబ్బాలో గుప్పెడు వేస్తే అడుగున కనిపిస్తుందా? బుల్లెమ్మ లోపలికి వెళ్ళింది. కాసేపటికి డబ్బా నిండా మినుములు తెచ్చి పెట్టింది.

"ఇన్ని ఎందుకే?" అంది అక్క.

"ఉన్నాయిలే అక్కా" అంది చెల్లెలు.

మా బుల్లికి పంట బాగా పండింది, అనుకుంటూ అక్క సంబరంగా పడవెక్కింది.

ఆ తర్వాత రెండోసారి గుండిగ నిండా అరిసెలు పట్టుకెళ్ళింది. ఈసారీ కబురు లేదు. పడవలో గుండిగ కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టు కూర్చుంది. నిండు చూలాలు ఒకామె మోకాళ్ళు ముడుచుకుని మూలకి ఒదిగింది. తిరిగొచ్చేటప్పుడు గుండిగలో ఊక, ఆ ఊకలో నిండుగా పేర్చిన కోడిగుడ్లు.

"ఇన్ని గుడ్లా?"

"ఉన్నాయిలే అక్కా."

మూడోసారి పేరంటాలమ్మ గంగాళం దించింది. గంగాళం నిండా లడ్డూలు చుట్టింది. మోయడానికి మనిషి కావాలి కాబట్టి, ఈసారి పడవ నడిపే నూకరాజు చేత ముందుగా కబురు పంపింది. సాయంత్రానికి జవాబొచ్చింది.

"మీ చెల్లెలు గారు ఈసారికి వద్దన్నారమ్మా. ఊళ్ళో ఉండరంట" అన్నాడు నూకరాజు.

"ఊళ్ళో ఉండక ఎక్కడికి పోతుంది? అంతమంది ఉన్న ఇల్లు."

"నాకేం తెలుసమ్మా. అన్నది చెప్పాను."

అప్పుడు పేరంటాలమ్మకి గుండెల్లో ముల్లు గుచ్చుకున్నట్టయింది. నా చెల్లెలికి నేను వద్దా? నేనేం తక్కువ చేశాను? అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే గంగాళాన్ని రేవుకి మోయించింది. అడిగే తేల్చుకుంటాను అనుకుంది.

నూకరాజు గంగాళాన్ని చూశాడు. గట్టు మీదున్న జనాన్ని చూశాడు.

"ముందు మనుషులమ్మా. ఆ తర్వాతే గంగాళం" అన్నాడు.

"నేను మనిషిని కానా?"

"మీరు మనిషే. మీ గంగాళమే ముగ్గురు మనుషులు."

పడవలోవాళ్ళు నవ్వారు. పేరంటాలమ్మ ఉడుక్కుంటూ గట్టునే కూర్చుంది. ముందెళ్ళినవాళ్ళు లంకలో దిగి ఏం చెప్పారో తెలుసా? బుల్లెమ్మా, మీ అక్క గంగాళంతో వస్తోందోయ్, అని చెప్పేశారు.

ఆ తర్వాత పడవకి పేరంటాలమ్మ వెళ్ళింది. గంగాళాన్ని రేవులో నూకరాజుకి అప్పగించి, మోయడానికి మరిదిని పిలుచుకొద్దామని ఒక్కతే నడిచింది. చేతిలో బరువు లేకుండా రావడం ఇదే మొదటిసారి. అందుకే చుట్టూ చూసింది.

లంకంతా మినుము పచ్చగా ఉంది. బుల్లెమ్మ చేనొక్కటే బీడు.

పెరట్లో నాలుగు పెట్టలూ తిరుగుతున్నాయి. వెనక ఒక్క కోడిపిల్లా లేదు.

తడిక అవతల మాటలు వినిపించాయి. బుల్లెమ్మ అత్తగారు అడుగుతోంది, "బియ్యం ఎన్ని కుంచాలున్నాయే?"

"కుండ ఊడ్చినా మూడు కుంచాలు లేవత్తయ్యా. గంగాళంలో సగానికి రావు."

"అదీ ఇచ్చేస్తే మనకో?"

"మనం జావ తాగుదాం. మా అక్క గంగాళం ఉత్తగా పంపిస్తానా?"

"రావద్దంటే వినదు కదే ఆవిడ."

"నా మీద ప్రేమత్తయ్యా. ప్రేమని ఏమంటాం?"

పేరంటాలమ్మకి అప్పుడు లెక్క తెలిసింది. డబ్బాలోకి వచ్చింది విత్తనం. గుండిగలోకి వచ్చింది పొదగాల్సిన గుడ్లు. ఇప్పుడు గంగాళంలోకి రాబోయేది పిల్లల నోటి ముందరి అన్నం. పెట్టేదాన్ని నేననుకున్నాను, వచ్చినప్పుడల్లా నేనే తినిపోయాను కదా, అనుకుంది. చూడు, ఇందులో బుల్లెమ్మ తప్పు లేదు. మర్యాద తప్పూ లేదు, అది మంచి మర్యాదే. గిన్నె తెచ్చినావిడ అవతలివాళ్ళ గాదె ఎంతో చూసుకోలేదు, అంతే.

చప్పుడు చెయ్యకుండా ఆవిడ రేవుకి తిరిగొచ్చింది.

"నూకరాజూ, ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ ఈ లడ్డూలు పంచెయ్. పెరుగావిడ కనబడితే రెండివ్వు. ఆ చూలాలికి ఇంటికి పంపించు."

"అన్నీనా అమ్మా?"

"ఐదు ఉంచు."

అప్పుడు గట్టు మీది బాదం చెట్టు ఆకులు కోసి, పుల్ల గుచ్చి, దొన్నె కుట్టింది. ఐదు లడ్డూలు పెట్టింది. చేను గట్టు దాకా వెళ్ళి, "బుల్లీ, నేనే, వస్తున్నా" అని గట్టిగా కేకేసి, అక్కడే కూర్చుంది. లోపల కుండలు సర్దిన చప్పుడు, కొలిచిన బియ్యం మళ్ళీ కుండలో పోసిన చప్పుడు. అవన్నీ ఆగేదాకా ఆగి, ఆ తర్వాత లేచింది.

బుల్లెమ్మ గుమ్మంలోకొచ్చి అక్క వెనక్కి చూసింది. "గంగాళం ఏదక్కా?"

"రేవులో ఖాళీ అయిపోయింది. ఇదిగో, మనిషికొకటి. తిన్నాక ఆ ఆకు ఏ మేకకో వేసెయ్."

బుల్లెమ్మ దొన్నె వంక చూసింది. అక్క వంక చూసింది. "నీకెవరు చెప్పారు?" అంది మెల్లగా.

"నడిచొచ్చాను, ఆకలేస్తోంది. మీరు తాగే జావే నాకూ పొయ్."

బుల్లెమ్మ ఏడవలేదు. కానీ జావలో ఉప్పు రెండుసార్లు వేసింది. అందరూ అలాగే తాగేశారు.

సాయంత్రం చెల్లెలు రేవు దాకా సాగనంపింది. ఖాళీ గంగాళాన్ని చూసి అక్కడే నిలబడిపోయింది. "ఉత్తగా ఎలా పంపను అక్కా" అంది. అక్క ఎంత చెప్పినా వినదు. అప్పుడు చంకలో ఉన్న చిన్నకూతురిని తీసి గంగాళంలో కూర్చోబెట్టింది.

"ఇదిగో, నిండింది. పది రోజులు ఉంచుకుని తెచ్చివ్వు."

పేరంటాలమ్మ నవ్వి, పడవలోవాళ్ళ వంక చూసింది. "మీరు సర్దుకు కూర్చోండమ్మా. చోటు మిగిలితేనే మేం ఎక్కుతాం."

"ఎక్కు తల్లీ, లడ్డూ తిన్నాంగా" అంది పెరుగావిడ, బుట్ట ఒళ్ళో పెట్టుకుంటూ. పడవ ఊగుతుంటే ఆ పిల్ల గంగాళంలోనే నిద్రపోయింది.

పది రోజుల తర్వాత పేరంటాలమ్మ ముందే కబురు పంపి, పిల్లని దింపడానికి వెళ్ళింది. ఈసారి గిన్నె లేదు. విత్తనం మినుములు కొంగున కట్టుకెళ్ళి చెల్లెలి చేటలో విప్పింది. కొంగేమీ గిన్నె కాదుగా, నింపి తిరిగివ్వడానికి. కాస్త ఆలస్యంగానైనా ఆ చేనూ పచ్చబడింది.

ఆ గంగాళంలో పిల్ల ఉందే, అది పెద్దదయింది, జుట్టు నెరిసింది. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా, కన్నకూతురింటికి వెళ్ళినా, ముందు కబురు పెట్టి, దొన్నెలోనే ఏదైనా పట్టుకెళుతుంది. మధ్యాహ్నం నువ్వు నాకి నాకి పారేసిన దొన్నె ఎవరు తెచ్చారనుకున్నావు మరి?

ఆకు దొన్నె మేకకి,
ఊగిన పడవ రేవుకి,
కథేమో కంచికి,
మనమేమో నిద్దరింటికి.