నేల వదిలిన చక్రం

"చెప్పండి చూద్దాం, బండికి బలం పెంచితే ఏమవుతుంది?" అని అడిగింది అమ్మమ్మ.

"జోరుగా పోతుంది," అన్నాడు పెద్ద మనవడు ఠక్కున.

"పోతుంది, సరే. ఎక్కడికి?"

బళ్లో చాలాకాలం పాఠాలు చెప్పిన మనిషి కనుక, జవాబు రాకపోతే ఆమె విసుక్కోదు. కథ మొదలుపెడుతుంది. ఆ రోజూ అంతే చేసింది.

నరసరావుపేటలో పత్తి లారీలు బారులు తీరి ఆగే రోజుల్లో, ఊరి చివర ఒక షెడ్ల వీధి ఉండేది. పొద్దున లేస్తే సుత్తి దెబ్బలు, ఎండెక్కితే వెల్డింగు వాసన, సాయంత్రమైతే గ్రీజు చేతుల్లో కాగితం పొట్లాలు, వాటిలో పొగలు కక్కే మిరపకాయ బజ్జీలు. ఇప్పుడా వీధి లేదు. షెడ్లన్నీ బైపాసు పక్కకి తరలిపోయాయి. ఆ దారిన పోతుంటే ఫోన్ల దుకాణాల దీపాలు తప్ప ఇంకేం కనపడవు. కానీ అక్కడ పని నేర్చినవాళ్లు ఈనాటికీ ఒక పేరు చెప్పుకుంటారు, నాగూర్ మీరా మేస్త్రి అని. శిష్యుడు ఏదైనా అడిగితే ఆయన నోటితో జవాబు చెప్పేవాడు కాదు. "పద" అనేవాడు. ఎక్కడికో తీసుకెళ్లి, ఏదో ఒకటి చూపించి, తిరిగొచ్చి తన పనిలో తాను పడేవాడు. అర్థమైతే అయినట్టు, లేకపోతే మళ్లీ ఎప్పుడో.

ఆయన శిష్యుల్లో వీరాంజి అని ఒకడు. పెళ్లయి, బిడ్డ పుట్టాక, సొంత షెడ్డు పెట్టుకోవాలన్న కోరిక వాణ్ణి కుదురుగా ఉండనివ్వలేదు. అయితే ఆ వీధికి ఒక కట్టుబాటు ఉంది. మేస్త్రి సరేననకుండా శిష్యుడు వేరుపడితే, పక్క షెడ్డువాడు జాకీ కూడా ఎరువివ్వడు. అంచేత వీరాంజి చేతులు తుడుచుకుని వెళ్లి అడిగాడు. మేస్త్రి షెడ్డు వెనక్కి చూపించాడు.

"దాన్ని మనిషిని చెయ్యి. తర్వాత మాట్లాడుకుందాం."

అక్కడున్నది ఒక పాత టర్బో కారు. దాన్ని తయారుచేసిన కంపెనీయే మూతపడింది. కొన్నాయన విసుగెత్తి మేస్త్రికే వదిలేసి పోయాడు. టర్బో అంటే మరేం లేదు, ఇంజను వదిలేసిన పొగ తోపుకి తిరిగే చిన్న గాలిమర. అది తిరిగి తిరిగి ఇంజనులోకి మరింత గాలి కుక్కుతుంది, దాంతో బలం వస్తుంది. చిక్కల్లా, పొగ చాలినంత వచ్చేదాకా గాలిమర లేవదు. ఆ కారు తొక్కితే కాసేపు ఏమీ జరిగేది కాదు. అంతలో, మరిచిపోయిన మాట గుర్తొచ్చినట్టు ఒక్కసారిగా ముందుకి దూకేది. వీధివాళ్లు దానికి "అల్లుడుగారు" అని పేరు పెట్టారు. బతిమాలితే కదలడు, కదిలాడా ఆగడు.

వీరాంజి దాని మీద పడ్డాడు. ఇంకా పెద్ద టర్బో సంపాదించి బిగించాడు. గాలిని చల్లబరచడానికి ఒక లారీ నుంచి విప్పిన రేకుల పెట్టెని ముందు అమర్చాడు. సైలెన్సరు గొట్టం వెడల్పు చేశాడు. ఎదురు షెడ్డులో పంచర్లు వేసే సుభానీ రోజూ వచ్చి చూసి పోయేవాడు.

"ఒరే వీరాంజీ, అసలే అల్లుడు. పైగా నువ్వు రోజూ బిర్యానీ పెడుతున్నావు. రేపు పొమ్మన్నా పోడురోయ్!"

"నువ్వు నీ ట్యూబులు చూసుకో బాబాయ్."

తిన్నని వినుకొండ రోడ్డు మీద కారు రివ్వున పోయింది. మలుపు వస్తే మాత్రం ఒక పక్కకి ఒరిగేది. దానికి వీరాంజి ఏం చేశాడు? ఆ వీధిలో పుట్టినవాడు ఎవడైనా చేసేదే చేశాడు. అక్కడందరూ లారీల మనుషులు. లారీ ఊగితే చక్రాల పైనుండే కమాను కట్టలో ఇంకో ఇనప పట్టీ వేసి బిగించడమే వాళ్లకి తెలిసిన వైద్యం. కారుకి కమాన్లు లేవు గనుక, చుట్టల స్ప్రింగుల సందుల్లో గట్టి రబ్బరు దిమ్మలు దిగ్గొట్టాడు. కారు కర్రలా బిగిసింది. ఒరగడం మానేసింది. వాడు మురిసిపోయి కోటప్పకొండ ఘాటు రోడ్డెక్కించాడు. సగం కొండ దగ్గర, తారు అతుకులేసిన మలుపులో, స్టీరింగు ఒక వైపు తిప్పితే కారు మరో వైపు జారి పిట్టగోడ దాకా పోయింది. ఆగాక వాడు దిగి, గోడకీ బంపరుకీ మధ్య మిగిలిన జానెడు సందు చూశాడు. ఇంట్లో ఎదురుచూసే బిడ్డ కళ్లముందు మెదిలింది. బయటికి చెప్పుకుంటే సొంత షెడ్డు కల అక్కడితో సరి. చెప్పకపోతే, ఆ కారు ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో.

తెల్లవారి మేస్త్రి ముందు నిలబడ్డాడు.

"మేస్త్రిగారూ, బలమిచ్చాను, బిగువిచ్చాను. ఇంకా నా మాట ఎందుకు వినదు?"

"పద."

అదే మలుపు దగ్గర మేస్త్రి వాణ్ణి దింపి, పిట్టగోడ మీద కూర్చోబెట్టి, తాను కారుతో కిందికి వెళ్లి మళ్లీ పైకి వచ్చాడు. అన్ని నెలలూ కారు లోపల కూర్చుని నడిపిన వీరాంజి, మలుపులో దాన్ని బయటి నుంచి చూడటం అదే మొదలు. అతుకు మీద ఎగిరిన కారు, మలుపు లోపలి వైపు ముందు చక్రాన్ని నేల మీద నుంచి ఎత్తేసింది. దాని కింద నుంచి అవతలి తుప్పలు కనిపించాయి. ఇంజను అరుస్తూనే ఉంది, చక్రం గాల్లో పిచ్చిగా తిరుగుతూనే ఉంది. మళ్లీ నేలకి తగిలినప్పుడు కీచుమని కాలిన వాసనొచ్చింది.

మేస్త్రి కారు ఆపి దిగాడు. "ఏం చూశావ్?"

"చక్రం లేచిందండీ."

"లేచి?"

"ఊరికే తిరిగింది."

"బలమంతా చక్రానికిచ్చావురా అబ్బాయ్. చక్రానికి నేలనివ్వలేదు."

స్టీరింగు వాడికి వదిలేసి, వెనక్కి వచ్చే దారంతా బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు.

మన చేత్తో బిగించినదాన్ని మన చేత్తోనే విప్పడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. వీరాంజి రబ్బరు దిమ్మలు లాగి పారేశాడు. లారీ అయితే బరువు మోస్తుంది, ఆ బరువే దాన్ని నేలకి అదిమి పెడుతుంది. ఖాళీ కారుకి ఆ బిగువెందుకు? చక్రాల కీళ్ల దగ్గర ఎండి పగిలిన రబ్బరు బుష్షులన్నీ మార్చాడు. నీరసపడ్డ షాకబ్జార్బర్లు తీసి కొత్తవి వేశాడు, మంచి టైర్లు తొడిగాడు. చివరికి, ఎంతో ముచ్చటపడి తెచ్చిన పెద్ద టర్బో కూడా విప్పి, త్వరగా లేచే చిన్నదాన్ని పెట్టాడు. వినుకొండ రోడ్డు మీద మునుపటి జోరు తగ్గింది.

"బిర్యానీ పోయి మజ్జిగన్నం వచ్చిందే!" అన్నాడు సుభానీ. వీరాంజి నవ్వలేకపోయాడు. జోరు తగ్గిన బండిని చూసి మేస్త్రి పెదవి విరిస్తే, ఇక జన్మంతా ఇదే షెడ్డు.

మళ్లీ కోటప్పకొండ. ఈసారి వీరాంజి నడిపాడు, మేస్త్రి పక్క సీట్లో కూర్చున్నాడు. అతుకుల మలుపుకి ముందే వాడు కాలు తేలిక చేశాడు. కారు కొంచెం ఒరిగింది, ఒరిగి కుదురుకుంది, నాలుగు చక్రాలూ నేలని పట్టుకున్నాయి. మలుపు విచ్చుకుంటుండగా తొక్కాడు. గాలిమర సన్నగా ఈల వేసింది. పైనుంచి ఎవరో తాడేసి లాగుతున్నట్టు కారు కొండెక్కింది.

పైన ఆపి దిగారు.

"ఎలా ఉంది మేస్త్రిగారూ?"

మేస్త్రి వాడి వంక చూశాడు. "నడిపింది నువ్వు. నన్నడుగుతావేం?"

వీరాంజి వెళ్లి స్టీరింగు ముందు కూర్చుని, ఆయన కోసం పక్క తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ వీధిలో శిష్యుడు చేసిన బండిని పరీక్షించేటప్పుడు మేస్త్రి ఎప్పుడూ ముందే కూర్చుంటాడు. ఒక చెవి ఇంజను మీద, ఒక కన్ను శిష్యుడి చేతుల మీద. కానీ నాగూర్ మీరా ఆ తలుపు మూసేశాడు. వెనక తలుపు తీసి ఎక్కి, సీట్లో కాళ్లు ముడుచుకుని, భుజం మీది తువ్వాలు ముఖాన కప్పుకున్నాడు.

"నీకెట్లా తోస్తే అట్లా పోనివ్వు. నాకు నిద్రొస్తోంది."

అమ్మమ్మ కథ అక్కడ ఆపింది. చిన్న మనవరాలు అడిగింది, "మరి షెడ్డు పెట్టుకోమన్నాడా, లేదా?"

"నువ్వేమనుకుంటున్నావ్?" అంటూ అమ్మమ్మ మోకాళ్ల మీద చేతులానించి లేచింది. వంటింట్లో చేటెడు చింతపండు ఉంది. దానికి ఇంకా పిక్కలు తియ్యాలి.