పిల్లి గొంతులో గుర్రుపెట్టేదెవరు?

ఒకప్పుడు పిల్లులు మనుషుల ఒళ్లో కూర్చునేవి కావు. వాటి పడకంతా పొయ్యిలోనే! వంటయ్యాక వెచ్చటి బూడిదలో ముడుచుకుని పడుకునేవి. ఇప్పటికీ వంట మొదలవని ఇంటిని చూసి "ఇంకా పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటారే, అలాగన్నమాట.

అలాంటి పిల్లే మన చుక్కి. సూరాయమ్మ అనే అవ్వ ఇంట్లో ఉండేది. చుక్కి అప్పుడే ఈనింది. పిల్లలు ఇంకా కళ్లయినా తెరవలేదు. వాటికి పాలివ్వాలంటే చుక్కి కడుపు నిండాలి. కడుపు నిండాలంటే ఎలుక దొరకాలి.

బూడిదలో పడుకుంటే ఏమవుతుంది? ఊపిరి తీసినప్పుడల్లా బూడిద ఛాతీలోకి పోతుంది. లోపల వాపన్న ఊరుకుంటాడా? వాపన్న అంటే ఒంటికి కాపలావాడు. ఎర్రగా, లావుగా, వేడివేడిగా ఉంటాడు. "ఎవడ్రా మా సందులోకొచ్చింది?" అని కేకేసి, బంట్లను వెంటేసుకొచ్చాడు. బూడిదను జిగురులో చుట్టి, దగ్గు చేత బయటికి గెంటించాడు. భలే పని చేశాడు!

పనయ్యాక ఇంటికి పోవాలి కదా? పోదామనుకునేసరికి మళ్ళీ బూడిద! రోజూ ఇదే వరస. "ఎందుకొచ్చిన తిరుగుడు, ఇక్కడే ఉండిపోదాం" అని బంట్లు ఊపిరి నడిచే సందులోనే మంచాలు వేసేశారు. అసలే లావుపాటి బంట్లు, ఆపైన అడ్డంగా మంచాలు! పాపం, ఊపిరి ఎలా పోతుంది? ఒత్తుకుంటూ, ఇరుక్కుంటూ పోతుంటే "కుయ్... కుయ్..." అని ఒకటే చప్పుడు.

ఇక ఎలుకలకు పండగే పండగ. కుయ్ వినపడగానే "అదుగో, ఈలలత్త వస్తోందర్రోయ్!" అని పకపకా నవ్వి కన్నాల్లో దూరేవి. చుక్కి ఉత్త మూతితో తిరిగొచ్చేది. పాలు తగ్గిపోయాయి. పిల్లలు ఆకలితో కీచుమంటుంటే దానికి ఏడుపొచ్చేసింది.

"వాపన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను. దారి వదులు. నా పిల్లలు బతకవు" అని వేడుకుంది.

వాపన్న మీసం దువ్వాడు. "బాగుందమ్మా! దొంగను రోజూ నువ్వే పిలుచుకొస్తావు, కాపలావాళ్లను మాత్రం పొమ్మంటావు! ముందా బూడిద మానెయ్యి."

"పొయ్యి వదిలేస్తే చలికి చస్తాను కదన్నా!"

"అది నీ ఇష్టం."

చుక్కి పొయ్యి వంక చూసింది. పిల్లల వంక చూసింది. మరి పొయ్యి గడప తొక్కితే ఒట్టు! చలికి గజగజలాడుతూ ఇల్లంతా తిరిగింది. ఇక ఓర్చుకోలేక, చటుక్కున సూరాయమ్మ ఒళ్లోకి దూకేసింది.

"ఓసి నీ దుంపతెగ! బియ్యం ఏరుకుంటుంటే ఇదేం దూకుడే!" అని అరిచింది అవ్వ. అరిచిందే గానీ దించలేదు. చెయ్యి దానంతటదే చుక్కి వీపు మీదికి పోయింది.

"అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఇన్నాళ్లూ ఈ సుఖం వదిలేసి బూడిదలో పొర్లానా?" అనుకుంది చుక్కి.

బూడిద రావడం మానేసింది. చేసే పని లేక బంట్లు ఒక్కొక్కడే మంచం నెత్తిన పెట్టుకుని నడిచారు. సందు ఖాళీ అయింది. ఊపిరి పరుగులు పెట్టింది! ఆ రోజు చుక్కి చప్పుడు లేకుండా వెళ్లి, నవ్వుతున్న ఎలుకను నవ్వుతుండగానే పట్టేసింది. పిల్లలు పొట్టలు ఉబ్బేదాకా పాలు తాగి, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయాయి.

వాపన్న మాత్రం పోలేదు. "మళ్ళీ దుమ్మొస్తే ఎవరు చూస్తారు? నేను కదలను" అని గొంతులో ఓ మూల మంచం వేసుకుని కూర్చున్నాడు. బయట అవ్వ నిమురుతూ ఉంది. ఆ వెచ్చదనానికి ఎంతటి కాపలావాడికైనా కళ్లు మూతలు పడవూ?

అప్పటినుంచే పిల్లి మన ఒళ్లో చేరితే గురగురమంటుంది. లోపల వాపన్న గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. నిమరడం ఆపకండర్రా, లేచాడంటే మళ్ళీ బంట్లందరినీ పిలుస్తాడు!