మడమా, మునివేళ్లా

హుసేనప్ప అడుగు మునివేళ్ల మీద పడుతుందా, మడమ మీద పడుతుందా అన్నది ఓబులేసుకు తేలలేదు. సోమవారం నాడు దళంలోని పదహారుమందికి ఆ అడుగు నేర్పాల్సినవాడు తనే.

హుసేనప్ప చెక్కభజన గురువు. పోయి పన్నెండేళ్లయింది. ఆ అడుగు వేయగలిగినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. ఆయన ఆటను ఎప్పుడో పాత వీడియో కెమెరాతో తీసిన క్యాసెట్ ఒకటి మిగిలింది. ఇప్పటి గురువు మద్దయ్య ఆ రోజుల్లో వెనక కూర్చుని మద్దెల వాయించేవాడు. ఆయన చూసింది హుసేనప్ప వీపును మాత్రమే.

క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు ఓబులేసు. మనిషి నిలబడి ఉన్నంతసేపూ బొమ్మ బాగానే ఉంది. కాలు కదిలితే చాలు, అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతున్నాయి. ఆపి చూస్తే మడమ నేల మీదా ఉంది, గాల్లోనూ ఉంది.

స్టూడియో గఫూర్‌కు ఫోన్ చేశాడు.

"పాత కెమెరా బొమ్మను రెండు విడతలుగా తీస్తాదన్నా. ముందు బేసి గీతలు, ఆ వెంటనే సరి గీతలు. పాత టీవీ కూడా అట్లే చూపిచ్చేది. కంప్యూటర్ రెండింటినీ కలిపి ఒకేసారి పెడతాది. ఒక సగం తీసేయ్, శుభ్రమవుతాది."

సరి గీతలు తీసేశాడు. బొమ్మ శుభ్రంగా వచ్చింది. మునివేళ్లు నేల మీద, మడమ గాల్లో.

బేసి గీతలు తీసేశాడు. అదీ శుభ్రంగానే వచ్చింది. మడమ నేల మీద.

రెండు బొమ్మల్లోనూ ఉన్నది హుసేనప్పే. ఏది పారేయాలి?

అప్పటికే దళం మడమ అనేవాళ్లు, మునివేళ్లు అనేవాళ్లుగా రెండుగా చీలింది. "కంప్యూటర్‌ను అడిగే బదులు ఆయన చెప్పుల్ని దాచిపెట్టుకోనింటే పోయేది. యాడ అరిగిందో అవే చెప్పేవి" అన్నాడు రెండో వరుసలోని లింగన్న.

ఓబులేసు మద్దయ్యను కంప్యూటర్ దగ్గరికి పిలుచుకొచ్చి జరిగిందంతా చెప్పాడు. "ఏ సగం తీసేయమంటారు సామీ?"

మద్దయ్య కంప్యూటర్ వైపు చూడలేదు. బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సాధనకు వచ్చినవాళ్లు ఎనిమిదిమంది చొప్పున ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

"పాట ఎత్తుకోండి. రెండు వరుసలూ ఒకేసారి."

చెక్కభజనలో ఒక వరుస అడుగుతుంది, రెండో వరుస జవాబిస్తుంది. ఆ రోజు ప్రశ్నా జవాబూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చేతుల్లోని చెక్కలు టకటకమని కొట్టుకున్నాయి. లింగన్నకు నవ్వాగలేదు.

మద్దయ్య చేయెత్తి ఆపాడు. "ఎవురన్నా తప్పు పాడినారా అబ్బీ?"

"లేదు సామీ. ఎవరి మాటలు వాళ్లు సరిగ్గానే పాడినారు. నాకే ఏమీ తెలీలేదు" అన్నాడు ఓబులేసు.

"అయితే ఒక వరుసను ఇంటికి పంపిచ్చేదా?"

ఓబులేసు రెండు వరుసల వైపూ ఒకసారి చూసి లోపలికి నడిచాడు.

తీసేసిన గీతల్ని వెనక్కి తెచ్చాడు. ఈసారి రెండు సగాలనూ ఉంచి, ఒకదాని తరవాత ఒకటి వచ్చేలా పెట్టాడు. వేగం బాగా తగ్గించాడు. ఒక్క పాదాన్నే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

బయటికి వచ్చేసరికి లింగన్న ఎదురొచ్చాడు. "ఏమన్నా, తేలిందా? మడమా, మునివేళ్లా?"

ఓబులేసు రెండు వరుసల నడుమకు పోయి నిలబడి, నెమ్మదిగా కాలెత్తి, ముందు మునివేళ్లు ఆనించి, ఆ వెంటనే మడమ దించాడు.